జిప్సం గోడ మీద బరువును ఎవరు మోస్తున్నారు?

విజయనగరంలో కోట చుట్టుపక్కల పాత వీధుల్లో సున్నంతో కట్టిన లావుపాటి గోడల ఇళ్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. వానాకాలం రాగానే ఆ గోడల అడుగున చెమ్మ ఎక్కుతుంది, పూత పొంగి పెచ్చులుగా రాలుతుంది, పైన తెల్లగా ఉప్పు తేలుతుంది. ఎన్నిసార్లు రంగు వేయించినా మళ్లీ అదే కావడంతో ఇంటివాళ్లు విసిగిపోయి గోడ మొత్తానికీ జిప్సం బోర్డు తొడిగించేస్తారు. శ్రీకాకుళం కొత్త అపార్ట్‌మెంట్లలో కారణం వేరు. టీవీ వెనక గోడ నున్నగా ఉండాలి, వైర్లు కనబడకూడదు, ఒక గదిని రెండు చేసుకోవాలి. దుకాణాలు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్ల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ అడ్డుగోడ అంటే ఇప్పుడు ఎక్కువగా జిప్సమే.

ఇటుక గోడకు అలవాటైన చేతులే ఈ గోడ మీదా పనిచేస్తున్నాయి. వంటింట్లో స్టీలు పళ్లేల స్టాండు, హాల్లో టీవీ, దేవుడి మందిరం, స్నానాల గదిలో గీజర్, అన్నీ అదే డ్రిల్లుతో, అదే ప్లాస్టిక్ ప్లగ్గుతో, అదే రెండంగుళాల స్క్రూతో గోడెక్కుతున్నాయి. బిగించిన రోజు గట్టిగానే ఉంటాయి. కొన్ని వారాలకో నెలలకో బ్రాకెట్ పైభాగంలో సన్నటి సందు కనిపిస్తుంది. ఓ రాత్రి స్టాండు గిన్నెలతో సహా నేల మీద ఉంటుంది. దుకాణంవాడు నాసిరకం స్క్రూ ఇచ్చాడని అందరూ అనుకుంటారు గానీ, ఇందులో స్క్రూ పాత్ర తక్కువ. ఆ బరువు చివరికి దేని మీదకు చేరుతోందని ముందు ఎవరూ అడగలేదు.

బజారులో ఎక్కువగా దొరికే బోర్డు మందం 12.5 మి.మీ., అంటే అర అంగుళం. రెండు అట్ట పొరల మధ్య జిప్సం ముద్దను పరిచి ఆరబెట్టిన పలక అది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న షీటు 20 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. లోపలి జిప్సం సుద్దలా మెత్తగా ఉంటుంది, గోరుతో గీకినా పొడి రాలుతుంది. పలకను వంగకుండా నిలబెట్టేవి చాలావరకు ఆ రెండు అట్టలే. కాబట్టి కన్నం సరిపోలేదని స్క్రూడ్రైవర్‌తో కెలికి వెడల్పు చేస్తే, ఉన్న కాస్త బలాన్నీ చేజేతులా తీసేసినట్టే. జిప్సం స్ఫటికాల్లో బరువు లెక్కన ఐదో వంతు దాకా నీరు కట్టుబడి ఉంటుంది. నిప్పంటుకుంటే ఆ నీరు ఆవిరవుతూ వేడిని కొంతసేపు ఆపుతుంది. నిప్పుకు అడ్డుగా, నునుపైన ముఖంగా ఇది నిజంగా మంచి సరుకు. బరువు మోసే పని మాత్రం దీనికి అప్పగించకూడదు.

ప్లాస్టిక్ ప్లగ్గు ఎలా పట్టు ఇస్తుందో తెలిస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. ఇప్పుడు ఇంటింటా కనిపించే నైలాన్ ప్లగ్గును 1958లో జర్మనీకి చెందిన ఆర్తూర్ ఫిషర్ తయారుచేశాడు. స్క్రూ లోపలికి దిగేకొద్దీ ప్లగ్గు ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను నొక్కుతుంది. ఇటుక గట్టిది కాబట్టి తిరిగి నొక్కుతుంది. ఆ రెండు నొక్కుళ్ల మధ్య పుట్టేదే పట్టు. జిప్సంలో ప్లగ్గు ఉబ్బితే ఎదురు నొక్కేది లేదు, సుద్ద నలిగి పొడైపోతుంది. ప్లగ్గులో మిగతా భాగమేమో బోర్డు వెనక ఖాళీలోకి పోయి ఉత్త గాలిలో విచ్చుకుంటుంది.

వెనక ఏముందో పొడి చెబుతుంది

చూడటానికి ఒకేలా ఉన్నా జిప్సం గోడలు మూడు రకాలు. ఇటుక గోడకు జిగురు ముద్దలు పెట్టి వాటి మీద బోర్డును అతికించడం ఒకటి. ఇటుక గోడకే సన్నటి ఇనుప ఛానళ్లు బిగించి వాటికి బోర్డు తొడగడం రెండోది. ఇటుకే లేకుండా నేల నుంచి పైకప్పు దాకా నిలువు ఛానళ్లు నిలిపి రెండువైపులా బోర్డు వేసిన అడ్డుగోడ మూడోది. మొదటి రెండింటి వెనక బరువు మోయగల గోడ ఉంది, మూడోదాని వెనక లేదు. చేయాల్సిన పనంతా ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వస్తువు వెనక దాగిపోయే చోట 3 మి.మీ. బిట్‌తో ఒక చిన్న కన్నం వేసి, రాలే పొడిని కాగితం మీద పట్టుకోవాలి. ముందు తెల్లటి పొడి వస్తుంది, అది జిప్సం. ఆ తర్వాత బిట్ ఒక్కసారిగా లోపలికి జారితే వెనక ఖాళీ ఉందన్నమాట. ఇంకా ముందుకు వెళ్తే బూడిదరంగు పొడి సిమెంటు పూతను, ఎర్రటి పొడి ఇటుకను పట్టిస్తాయి. మెరిసే సన్నటి తురుము వస్తే ఇనుప ఛానల్ తగిలినట్టే. ఏమీ రాకుండా బిట్ మొత్తం ఖాళీలోకి దిగిపోతే అది ఉత్త అడ్డుగోడ. కన్నంలోకి సైకిల్ పుల్ల ఒకటి దూర్చి ఎంత లోతులో ఏది తగిలిందో గీత పెట్టుకుంటే కొలత కూడా చేతిలో ఉంటుంది. పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి నేరుగా పెద్ద కన్నాలు వేసే అలవాటే సగం నష్టాలకు మూలం.

ఒక జాగ్రత్త తప్పనిసరి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, కుళాయికి సూటిగా పైనా కన్నం వేయకూడదు. వైర్లు, పైపులు ఎక్కువగా ఆ దారిలోనే వెళ్తాయి. జిప్సం వెనక వైర్లను గొట్టం లేకుండా వదిలేసిన పనులూ ఉంటాయి కాబట్టి, అనుమానం ఉంటే మెయిన్ ఆపేసి బ్యాటరీ డ్రిల్లుతో పని చేయించుకోవడం మంచిది.

ఇక అసలు లెక్క. అతికించిన బోర్డు 12.5 మి.మీ., దాని వెనక సందు 20 మి.మీ., ఆ వెనక పాత సిమెంటు పూత 15 మి.మీ. అనుకుందాం. మొత్తం 47.5 మి.మీ. మనవాళ్లు వాడే రెండంగుళాల స్క్రూ పొడవు 50 మి.మీ. అంటే బ్రాకెట్ మందం సంగతి పక్కనపెట్టినా, ఇటుకలోకి దిగేది రెండున్నర మిల్లీమీటర్లు. స్క్రూ బిగుసుకున్నట్టు అనిపించేది బోర్డులోనే. ఇటుకలో కనీసం 50 మి.మీ. పట్టు కావాలంటే స్క్రూ పొడవు దాదాపు నాలుగంగుళాలు ఉండాలి, ప్లగ్గు మొత్తం ఇటుకలోనే కూర్చోవాలి. యూపీవీసీ కిటికీలు బిగించేవాళ్లు వాడే పొడవాటి ఫ్రేమ్ ప్లగ్గులు ఈ పనికి బాగా సరిపోతాయి. మామూలు ప్లగ్గును సన్నటి చువ్వతో లోపలికి నెట్టి ఇటుకలో కూర్చోబెట్టాలని చూస్తే అది దారిలోనే వంకర తిరుగుతుంది.

పొడవాటి స్క్రూ దొరికితే పని అయిపోదు. సందు మీదుగా వెళ్లే స్క్రూను గట్టిగా బిగిస్తే బ్రాకెట్ బోర్డును లోపలికి నొక్కుతుంది, బోర్డు వెనక ఆసరా లేక చిట్లుతుంది. చిట్లుతుందేమోనని వదులుగా వదిలేస్తే, బరువుకు స్క్రూ ఆ సందులోనే కిందికి వంగుతుంది. దీనికి మంచి ఉపాయం చిన్న గొట్టం ముక్క. స్క్రూ దూరేంత బోలు ఉన్న ఇనుప గొట్టాన్ని, బోర్డు మందం, వెనక సందు, పూత మందం కలిపి సరిగ్గా అంత పొడవుకు కోసి కన్నంలో పెట్టాలి. గొట్టం ఒక చివర ఇటుకకు, రెండో చివర బ్రాకెట్‌కు ఆనుతుంది. అప్పుడు ఎంత బిగించినా బోర్డు మీద ఒత్తిడి పడదు, బ్రాకెట్ నేరుగా ఇటుక మీద నిలబడ్డట్టే ఉంటుంది. గొట్టం ముక్కలు కోయడానికి కార్పెంటర్‌కు పావుగంట చాలు. నాలుగు కన్నాలకు నాలుగు కొలతలు వేర్వేరుగా రావచ్చు, ఎందుకంటే పాత గోడ ఎక్కడా సమంగా ఉండదు. ప్రతి కన్నానికీ విడిగా కొలవాల్సిందే.

ఇటుక గురించి కూడా ఒక మాట. బట్టీ ఇటుకల్లో బాగా కాలినవీ సగం కాలినవీ కలిసే వస్తాయి. మెత్తటి ఇటుకలో డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో, అంటే తిరుగుతూ సుత్తిలా కొట్టేలా, పెడితే కన్నం గుండ్రంగా రాదు, ప్లగ్గు వదులవుతుంది. అక్కడ హ్యామర్ ఆపి మామూలుగా తిప్పితే చాలు. సున్నం గోడల్లో ఇటుకల మధ్య అతుకు ఇంకా మెత్తన, కాబట్టి కన్నం ఇటుక నడుమ పడేలా చూసుకోవాలి. సిమెంటు హాలో బ్లాకులకూ, లైట్ వెయిట్ ఇటుకలకూ వాటి కోసమే చేసిన ప్లగ్గులు ఉంటాయి. అవి కాస్త ఖరీదైనా కొనడమే మేలు.

కిందికి దిగే బరువు, బయటికి లాగే బరువు

ఈ స్క్రూ ఎన్ని కిలోలు ఆపుతుందని దుకాణంలో అందరూ అడుగుతారు. ఎటువైపు లాగుతున్న బరువో చెప్పకపోతే ఆ ప్రశ్నకు జవాబే లేదు. ఫొటో ఫ్రేము బరువు గోడను ఆనుకుని నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన వస్తువు మాత్రం పై స్క్రూలను గోడలోంచి బయటికి పీకుతూ ఉంటుంది. జిప్సం బోర్డు మొదటి రకాన్ని కొంత ఓర్చుకుంటుంది, రెండో రకానికి త్వరగా లొంగిపోతుంది.

10 కిలోల టీవీని తీసుకుందాం. చదునైన బ్రాకెట్ మీద దాని బరువు గోడకు 5 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. పై స్క్రూలకూ బ్రాకెట్ కింది అంచుకూ మధ్య దూరం 20 సెం.మీ. అయితే, పై స్క్రూలను బయటికి లాగే బలం పదిని ఐదుతో హెచ్చించి ఇరవైతో భాగిస్తే వస్తుంది: రెండున్నర కిలోలు. అదే టీవీని మడతచేయి బ్రాకెట్ మీద పెట్టి, మంచం మీద నుంచి చూడటానికి 50 సెం.మీ. ముందుకు లాగితే ఆ బలం 25 కిలోలవుతుంది. టీవీ అదే, బరువు అదే, లాగుడు మాత్రం పదింతలు. పైగా రోజూ ముందుకూ వెనక్కూ కదిలిస్తుంటే కన్నం అంచు అరుగుతూనే ఉంటుంది. మడతచేయి బ్రాకెట్‌ను ఉత్త బోర్డుకు బిగించడానికి ఒప్పుకోకూడదు, బోర్డు వెనక పట్టుకునే బిగింపు (యాంకర్) ఎంత మంచిదైనా సరే.

ఇంతకంటే మోసం చేసేది దండెం. వానల్లో బట్టలు ఆరవు కాబట్టి గదిలోనే ఈ గోడకూ ఆ గోడకూ హుక్కులు బిగించి తాడు కడతారు. 4 మీటర్ల తాడు నడిమధ్య 10 కిలోల తడి బట్టలు వేస్తే అది 20 సెం.మీ. కిందికి సాగిందనుకుంటే, ఒక్కో హుక్కును తాడు లాగే బలం 50 కిలోలు. ఆ లాగుడంతా దాదాపు నేరుగా గోడలోంచి బయటికే. తాడు వేలాడకూడదని ఇంకా బిగించి కడితే లాగుడు ఇంకా పెరుగుతుంది. జిప్సం గోడకు దండెం హుక్కు వద్దు. నేల మీద నిలబడే మడత స్టాండు కొనుక్కోవడం ఎంతో నయం.

ఇటుక లేని అడ్డుగోడలు

వెనక ఇటుక లేనప్పుడు ఆధారం నిలువు ఛానళ్లే. నాలుగడుగుల షీటు రెండు అంచులూ నడుమూ ఛానల్ మీద పడాలి కాబట్టి అవి సాధారణంగా 60 సెం.మీ. ఎడంలో ఉంటాయి, కొన్నిచోట్ల 40. ఎక్కడున్నాయో వెతకడానికి పాత స్పీకర్‌లోని అయస్కాంతం చాలు. గోడ మీద నెమ్మదిగా జరుపుతుంటే పుట్టీ కింద దాగిన స్క్రూ తలల దగ్గర అది పట్టుకుంటుంది. అలాంటి చోట్లు ఒకే నిలువు గీతలో వరసగా దొరికితే అదే ఛానల్. అయితే ఆ రేకు మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. స్క్రూ దానిలో ఒకటి రెండు మరలతోనే పట్టుకుంటుంది. అల్మారాకు అది ఆసరాగా పనికొస్తుంది గానీ ఒక్క స్క్రూను నమ్మి గీజర్ వేలాడదీయడానికి పనికిరాదు.

బోర్డు బిగించడానికి వాడే నల్ల స్క్రూలతోనే బ్రాకెట్లు కూడా బిగించేయడం ఎక్కువగా కనిపించే పొరపాటు. ఆ స్క్రూలు గట్టివే గానీ పెళుసు. పక్క నుంచి బరువు పడితే వంగకుండా తల దగ్గర పుటుక్కున విరుగుతాయి. వంగే స్క్రూ ముందుగా హెచ్చరిస్తుంది, ఇవి హెచ్చరించవు.

బోర్డు వెనక రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టులు, గొడుగులా ముడుచుకుని పట్టే లోహపు యాంకర్లు ఇలాంటి గోడల కోసమే వచ్చాయి. బరువును ఒక బిందువు మీద కాకుండా బోర్డు వెనకవైపు కాస్త వెడల్పు మీద పరుస్తాయి. గోడ గడియారం, అద్దం, చిన్న అర వంటివాటికి ఇవి చక్కగా సరిపోతాయి. ప్యాకెట్ మీద రాసిన కిలోల అంకెను మాత్రం జాగ్రత్తగా చదవాలి. అది గోడ విరిగిపోయే భారమైతే అందులో నాలుగో వంతునే లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు యాంకర్లు దగ్గరదగ్గరగా వేస్తే బలం నాలుగింతలు కాదు, నాలుగూ ఒకే చిన్న బోర్డు ముక్కను పంచుకుంటాయి. టాగుల్ బోల్టుకు పెద్ద కన్నం కావాలి, ఒకసారి బోల్టు విప్పితే వెనక రెక్కలు లోపల పడిపోతాయి. అది తెలియక విప్పినవాళ్లు మళ్లీ కొత్తది కొనాల్సి వస్తుంది.

నిజమైన పరిష్కారం ప్లైవుడ్. బోర్డు మూయకముందే రెండు ఛానళ్ల మధ్య 18 మి.మీ. ప్లై ముక్కను అడ్డంగా బిగించి దాని మీద బోర్డు వేస్తే, ఆ తర్వాత బ్రాకెట్ స్క్రూలు ప్లైలోకి దిగుతాయి. వంటింటికీ తడి తగిలే చోట్లకూ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోవాలి. గోడ ఇప్పటికే మూసేసి ఉంటే, బోర్డు పైనుంచే రెండు మూడు ఛానళ్లను కలిపేంత పొడవు ప్లై పలకను వరసగా స్క్రూలతో బిగించి, సన్‌మైకా అతికిస్తే అది టీవీ ప్యానల్‌లా అందంగానే ఉంటుంది. గోడను కోసి మళ్లీ పుట్టీ, రంగు వేయించే ఖర్చుతో పోలిస్తే ఇది చవక.

వంటింటి అల్మారాలకు ఇంకో దారి ఉంది. అల్మారా వెనక పొడుగునా ఒకే చెక్క పట్టీని ఛానళ్లన్నిటికీ బిగిస్తే బరువు అన్నిటి మీదా పరుచుకుంటుంది. అంతకంటే ముందు, గోడకు వేలాడదీయక తప్పదా అని అడగడం న్యాయం. పళ్లేల స్టాండుకు కింద రెండు కాళ్లు పెట్టి గట్టు మీద నిలబెడితే గోడ కేవలం ముందుకు పడకుండా పట్టుకుంటే చాలు. పాలరాతి దేవుడి మందిరమైతే నేల మీద చిన్న బల్ల కట్టించి దాని మీద ఉంచడమే సురక్షితం. రోజూ దీపం వెలిగించే చోట, పిల్లలు తిరిగే చోట అంత బరువు తల పైన వేలాడకూడదు.

కొన్నింటిలో రాజీ పనికిరాదు. 25 లీటర్ల గీజర్‌లో నీరే 25 కిలోలు, డొల్లతో కలిపి 35 దాటుతుంది, అది గోడకు చాలా ముందుకు ఉంటుంది. దాన్ని ఇటుక గోడకే, లేదా నేల నుంచి వచ్చే ఇనుప ఫ్రేముకే బిగించాలి. పెద్దవాళ్ల కోసం బాత్రూంలో పెట్టే పట్టుకమ్మీ ఇంకా ముఖ్యం. జారుతున్న మనిషి ఒక్కసారిగా తన బరువంతా దాని మీద వేస్తాడు. ఉత్త బోర్డుకు బిగించిన కమ్మీ ఉండటం కంటే లేకపోవడమే మంచిది, ఎందుకంటే అది ఉందని నమ్మి నడుస్తారు. ఇక ఫాల్స్ సీలింగ్ ఛానల్‌కు పసిపిల్ల ఊయల గానీ ఫ్యాన్ గానీ ఎప్పుడూ కట్టకూడదు. ఆ హుక్కు స్లాబులోనిదే అయి ఉండాలి.

చెమ్మ, ఉప్పుగాలి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో జిప్సం గురించి మాట్లాడుతూ తుపానును వదిలేయలేం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఇక్కడివాళ్లకు ఇంకా గుర్తున్నాయి. కిటికీ సందుల్లోంచి వాన కొట్టి గోడ ఒకసారి నానితే జిప్సం బలం బాగా తగ్గిపోతుంది. ఆరాక పైకి మామూలుగా కనిపిస్తుంది గానీ స్క్రూల చుట్టూ పట్టు సడలి ఉండొచ్చు. తడి తట్టుకునే ఆకుపచ్చ బోర్డు ఉన్నా అది గాలిలోని చెమ్మను ఓర్చుకునేందుకే గానీ నీళ్లలో నానడానికి కాదు. చెమ్మెక్కే పాత గోడకు బోర్డు తొడిగితే చెమ్మ పోదు, కంటికి కనబడటం మానేస్తుంది. దాని వెనక బరువు మోసే ప్లగ్గులు ఆ తడిలోనే ఉంటాయి. ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఆపాక బోర్డు సంగతి ఆలోచించడం క్రమం.

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి మామూలు జింకు పూత స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. అక్కడ బరువు మోసే స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మొత్తం పని ఖర్చులో ఆ తేడా చాలా చిన్నది.

బిగించి ఉన్న వస్తువులను ఏడాదికోసారి, వానలు వెళ్లాక, చూసుకోవాలి. బ్రాకెట్ పైన గోడకూ దానికీ మధ్య ఒక కాగితం దూరుతోందా, స్క్రూ చుట్టూ వెంట్రుకవాసి పగులు ఉందా, కింద నేల మీద తెల్లటి పొడి రాలి ఉందా, రంగు మీద గోధుమరంగు మచ్చ వచ్చిందా చూడాలి. వీటిలో ఏది కనిపించినా స్క్రూను మళ్లీ బిగించడం మందు కాదు, నలిగిన జిప్సంలో అది ఇంకా తిరుగుతుంది. బరువు దించేసి, ఆ కన్నాన్ని పూడ్చి, వెనక ఆధారం ఉన్న వేరే చోట కొత్తగా మొదలుపెట్టాలి.

ఇంట్లో ఇంకా బోర్డు పని జరుగుతూ ఉంటే అంతకంటే సులువైన సమయం మళ్లీ రాదు. టీవీ ఎక్కడ, అల్మారా ఎక్కడ, ఏసీ ఎక్కడ అన్నది ఆ రోజే నిర్ణయించి అక్కడ ప్లై పెట్టించుకోవాలి. బోర్డు మూసే ముందు గోడకు టేపు ఆనించి, నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది అంకెలు కనబడేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలి. వైర్లు, పైపులు వెళ్లిన దారి కూడా అందులో రావాలి. ఆ ఫొటోలను ప్రింటు తీయించి అల్మారా తలుపు లోపలివైపు అతికిస్తే, పదేళ్ల తర్వాత ఆ ఇంటికి వచ్చే కొత్త ఎలక్ట్రీషియన్‌కు కూడా ఎక్కడ కన్నం వేయొచ్చో, ఎక్కడ వేయకూడదో కనిపిస్తుంది.